నల్లి కోసమే

జూలై 3

మోకాలు బాగానే ఉంది. అలా రాసుకుంటే బాగుపడుతుందేమోనని రాశాను.

ఈరోజు కొండ మీది పార్కు ఆఫీసులో ఎర్హార్ట్ మ్యాపు పరిచి నల్లుల సర్వేకి పంపకాలు చేశాడు. వాగుకి అవతలి ఎండ వాలు తనకి, ఇవతలి నీడ వాలు నాకు. నల్లులన్నీ ఎండ ఉన్నచోటే ఉంటాయని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

"మీ మోకాలు దృష్టిలో పెట్టుకున్నాను మేడమ్. మీది సులువైన వైపు" అన్నాడు, మీసం సర్దుకుంటూ.

ఒళ్ళు మండింది. మ్యూజియంలో నేను నల్లులకి పేర్లు పెట్టి పెట్టెల్లో సర్దుతున్న రోజుల్లో ఇతను స్కూలు సంచీ మోసుకుని తిరుగుతుండేవాడు. ఇప్పుడు సర్వేకి పెద్ద. నివేదిక సెప్టెంబరు ఆఖరికి మూసేస్తారు. నాకిది ఆఖరి సర్వే, మళ్ళీ ఎవరూ పిలవరు. పార్కులో ఇంతవరకు ఎవరూ చూడని నల్లిని ఒక్కదాన్నైనా ఆ నీడ వాలులో పట్టి, దాన్ని అతని చేత్తోనే నివేదికలో రాయించకపోతే నా పేరు నోత్‌బుర్గా కాదు.

జూలై 5

వదిన ఇంట్లో దిగాను. అన్నయ్య పోయాక క్రెసెంత్స్ వదినకి మాట్లాడే మనిషి కరువై, ఉన్న మాటలన్నీ నామీదే వాడుతోంది. పక్కింటావిడకి నన్ను పరిచయం చేసింది. "మా ఆడపడుచు. బోల్జానో పట్నం నుంచి వచ్చింది. నల్లుల మీద పరిశోధన." పక్కింటావిడ మెల్లగా కుర్చీ వెనక్కి జరుపుకుంది.

మంచంలో నల్లి అనేది ఆ వంశంలో చెడిపోయిన ఒక్క శాఖ అనీ, మిగతా వాటిలో చాలా మటుకు ఆకుల రసం తాగుతూ మర్యాదగా బతికేవేననీ చెప్పాను. ఆవిడ తలూపింది. సాయంత్రానికి ఊళ్ళో నా పేరు నల్లుల బుర్గా అయిపోయింది. సారాయి కొట్టు యజమాని బల్ల మీది కుషన్ తీసేసి, ఉత్త చెక్క మీద కూర్చోబెట్టాడు.

జూలై 11

గడ్డిలో వల ఊపడం, గొడుగు తిరగేసి కొమ్మ కింద పట్టడం, కర్రతో కొట్టడం, పడినవాటిని గాజు గొట్టంతో నోటితో పీల్చి సీసాలోకి లాగడం. రోజంతా అదే. పడినవన్నీ అందరికీ తెలిసినవే. కంపు నల్లి ఒకటి గొట్టంలో కోపం తీర్చుకుంది. రాత్రి సూప్ కూడా అదే రుచి.

జూలై 19

వాన. పైనున్న పచ్చికలో పశువుల కాపరి పాకలోకి పరిగెత్తాను. తలుపు తీసినాయన నా తిరగేసిన గొడుగునీ, అందులో నిండిన నీళ్ళనీ, నన్నూ వరసగా చూశాడు.

"నువ్వేనా నల్లుల బుర్గావి?"

అడవి దాటి ఇంత పైకొస్తే మా దగ్గర 'మీరు' ఉండదు. ఎంతటివారైనా నువ్వే. ఎర్హార్ట్ ఒక్కడే కొండ శిఖరం మీద కూడా మీరు అంటాడు.

ఈయన పేరు సెవరిన్. నలభై ఏళ్ళు లోయలో బస్సు నడిపి, రిటైరై, ఊరి ఆవుల్ని వేసవికి పైన కాసే పనికి ఒప్పుకున్నాడట. భార్య పోయి చాలా కాలమైంది. "బస్సులో వాళ్ళు డ్రైవరుతో మాట్లాడకూడదు, ఆవులు మాట్లాడవు. నాకు తేడా తెలియలేదు" అన్నాడు. బూడిదరంగు చీజ్ కోసి పెట్టాడు. దాని వాసన ముందు నా కంపు నల్లులు అత్తరు చుక్కలు. మూడు ముక్కలు తిన్నాను. వాన తగ్గాలి కదా.

జూలై 22

మళ్ళీ పైకి. పాక దగ్గర బురదలో ఒకరకం నల్లులు ఉండే అవకాశముంది. లేవు.

చీజ్ బాగుంది.

జూలై 28

బూట్లు కూడా విప్పలేదు. ముందు ఇది రాస్తాను.

సెవరిన్ రొట్టె ఉండలు వండాడు. వెన్నలో వేయించిన ఉల్లిపాయ పైన వేసి వడ్డిస్తున్నాడు. అతని ఎడమ భుజం మీద ఒక నల్లి నడుస్తోంది. ఆకుపచ్చ వీపు, దానిమీద ఇటుకరంగు గీతలు. జునిపర్ నల్లి! లోయలో తోటల్లో, జునిపర్ అనే ముళ్ళాకుల పొదల మీద ఉంటుంది. ఇంత ఎత్తులో ఎవరూ చూడలేదు. ఈ పార్కులోనే ఎవరూ చూడలేదు.

"కదలకు" అన్నాను.

గరిటె గాల్లో పెట్టి అలాగే నిలబడ్డాడు. నేను కుర్చీ ఎక్కి, గొట్టం అతని భుజం మీద ఆనించి, ఊపిరంతా పెట్టి పీల్చాను. సీసాలో పడింది.

"నా భుజం మీద ఇంత శ్రద్ధ ఇంతవరకు ఎవరూ పెట్టలేదు" అన్నాడు సెవరిన్. "ఇంకో భుజం కూడా చూస్తావా?"

చూశాను. నల్లి కోసమే. ఏమీ లేదు.

జూలై 29

లేబుల్ మీద ఏ మొక్క మీద దొరికిందో రాయాలి. "చొక్కా, నీలం గళ్ళు" అని రాసి కొట్టేశాను.

ఎర్హార్ట్‌కి ఫోన్ చేశాను. ఫోన్లో నవ్వు ఎంతసేపు సాగిందంటే నేను కాఫీ తాగేసి కప్పు కడిగేశాను. "మేడమ్, అది మీతోపాటు బస్సులో వచ్చి ఉంటుంది. మీ మీంచి ఆయన మీదికి... ఎలా వెళ్ళిందో నేనడగను. జునిపర్ పొద మీద, బతికున్నదాన్ని, నా కళ్ళ ముందు పట్టండి. అప్పుడు రాస్తాను. లేదంటే అది పార్కు నల్లి కాదు, సెవరిన్ గారి నల్లి."

వదిన వెనకనుంచి అంతా వింది. "ఏమే బుర్గా, ఇంతకీ ఆ నల్లి మగదా?"

"వదినా, నీకు పనేం లేదా?"

"ఉంది. ఇదే."

ఆగస్టు 2

శాస్త్రీయంగా ఆలోచిద్దాం. నల్లి అతని చొక్కా మీదికి వచ్చిందంటే అతను ఎక్కడో జునిపర్‌కి రాసుకున్నాడు. ఎక్కడో తెలియాలంటే అతను వెళ్ళే చోటికల్లా వెళ్ళాలి. వేరే దారి లేదు.

ఆగస్టు 5

అతనితో రోజంతా తిరిగాను. ఏ పొదలకి రాసుకుంటావని అడిగాను.

"పొద్దున్నే ఆవుకి. తర్వాత గేటుకి. తర్వాత మళ్ళీ ఆవుకి."

"జునిపర్‌కి?"

పొయ్యి వైపు తిరిగి కట్టె సర్దాడు. "జునిపర్ సంగతి సెప్టెంబర్లో అడుగు."

సెప్టెంబర్లో ఎందుకు? మొండి మనిషి. బస్సు నడిపినవాళ్ళంతా ఇంతేనేమో, స్టాపు వస్తే తప్ప ఆపరు.

ఆగస్టు 9

కింది వాలులో జునిపర్లన్నీ కొట్టాను. సాలీళ్ళు, చీమలు, ఒక బల్లి.

ఒకటి రాసుకోవాలి. పాక వెనక ఒక పొద ఉంది. దానిమీద అతను చొక్కాలూ, ఇక్కడ రాయక్కర్లేని మిగతావీ ఆరేస్తాడు. నేనటు చూడను, చుట్టు తిరిగి వెళ్తాను. మగమనిషి లోబట్టల చుట్టూ గొడుగు పట్టుకుని తిరుగుతోందన్న మాట వదిన చెవిన పడితే నాకు ఊళ్ళో చెక్క బల్ల మీద కూడా చోటుండదు.

ఆగస్టు 10

కొత్త బ్లౌజు వేసుకున్నాను. ఆకుపచ్చ. నల్లులకి ఆకుపచ్చ రంగు ఇష్టం.

ఆగస్టు 16

సెవరిన్ గొడుగు పట్టాడు, నేను కొట్టాను. అతని చేతిలో గొడుగు అస్సలు కదలదు. ఏళ్ళ తరబడి స్టీరింగు పట్టిన చెయ్యి. మధ్యాహ్నం గట్టి రొట్టె విరుచుకుని తింటుంటే ముందు నడిచే ఆవు పెర్లె వచ్చి నా వల కర్ర నాకింది. ఉప్పగా ఉంటుంది కదా, చెమట.

"దానికి నువ్వు నచ్చావు" అన్నాడు.

"అది వల కర్రని నాకింది."

"నాకింది కదా."

ఈ వాక్యాలు సర్వేకి అవసరం లేదు. ఎందుకు రాశానో తెలియదు.

ఆగస్టు 23

వాన. వెళ్ళలేదు. వదిన మూడుసార్లు కిటికీ తుడిచింది, మూడుసార్లూ నా ముఖం చూసి నవ్వింది.

ఆగస్టు 30

పచ్చికలో జునిపర్లు అయిపోయాయి. ఒక్క పొద కూడా వదల్లేదు. నల్లి లేదు. ఎర్హార్ట్ చెప్పిందే నిజమేమో. నా బస్సు, నా సంచి, నా తెలివితక్కువతనం. సీసాలో ఉన్న ఒక్కదాన్ని చూస్తుంటే ఏడుపొచ్చింది. నల్లిని చూసి ఏడ్చానని ఎవరితోనూ చెప్పను. ఇక్కడ రాయడం చెప్పడం కిందకి రాదు.

సెప్టెంబర్ 2

నోరు జారాను.

పాకలో బెంచీ కింద గోనెపట్టా కప్పి ఏదో ఉంది. అంచులోంచి జునిపర్ రెమ్మ బయటికి కనిపించింది. ఒళ్ళు మరిచిపోయి అరిచాను. "జునిపర్! పెర్లె కిరీటానికేనా? ఎక్కడ కోశావు?"

సెవరిన్ చేతిలో చెంబు కిందపడింది. దిష్టి తగలకుండా మూడుసార్లు బల్ల మీద కొట్టాడు, భుజం మీదుగా ఉమ్మాడు.  పట్టా లాగి రెమ్మని కప్పేశాడు.

నేనీ లోయలో పుట్టాను, నాకు తెలియదా? వేసవి అంతా ఒక్క పశువు కూడా చావకుండా కిందికి దిగితేనే ముందావుకి కిరీటం. ఒక్కటి పోయినా మంద బోసి తలలతో దిగుతుంది, ఊరు మౌనంగా చూస్తుంది. అందుకే కిరీటం అల్లేవాడు ఆ మాట ఎత్తడు, ఎవరూ అడగరు. అల్లుతున్నాడని అందరికీ తెలిసినా సరే. చిన్నప్పుడు నాన్న ఈ మాట అన్నందుకే నన్ను మెట్ల మీద కూర్చోబెట్టాడు. పట్నంలో ఉండి ఉండి మరిచిపోయాను.

సెప్టెంబర్లో అడుగు అన్నాడు. మంద దిగాక అడుగు అని. ఇప్పుడర్థమైంది.

నేను మూఢనమ్మకాలు నమ్మను.

సెప్టెంబర్ 4

మంచు పడింది. ఇంత ముందుగానా!

సెప్టెంబర్ 5

దూడ ఒకటి కనిపించడం లేదట. ఏడాది వయసుది, తెల్ల నుదురుది. పాల డబ్బాలు తెచ్చే ట్రాక్టరతను చెప్పాడు. వదిన నావైపు చూసింది. కిరీటం సంగతి వదినకి చెప్పకుండా ఉండాల్సింది.

"నేనేం అనలేదు" అంది వదిన.

"నీ కనుబొమ్మలు అన్నాయి."

పైకి వెళ్ళాను. సెవరిన్ తలుపు దగ్గర బూట్లు కట్టుకుంటున్నాడు. "ఇవాళ నల్లుల పని లేదు, నువ్వు కిందికి వెళ్ళు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

అతను ముఖం తిప్పుకోవడం నేను భరించలేకపోతున్నాను. ఇదీ నిజం. దూడ పోతే మంద బోసిగా దిగుతుంది, అతని మొదటి వేసవి ఊళ్ళో అపశకునంగా మిగిలిపోతుంది, ఆ రెమ్మలు పొయ్యిలోకి పోతాయి, జునిపర్ ఎక్కడ కోశాడో నేనెప్పటికీ అడగలేను. ఈ నాలుగింటిలో నల్లి నాలుగోది. అవును, నాలుగోదే.

సెప్టెంబర్ 6

దొరికింది!

కాపరులు పైకి వెతుకుతారు, ఎందుకంటే దూడలు పైకి పోతాయని వాళ్ళ లెక్క. నేను మంచు కరిగి తడి నిలిచిన కింది రాళ్ళ వైపు వెళ్ళాను, ఎందుకంటే నేను రెండు నెలలుగా రోజూ ఆ రాళ్ళ దగ్గరే పాకుతున్నాను, వేలాడే బండ కింద పొడి నేల ఉందని నాకు తెలుసు. తెల్ల నుదురు ఆ బండ కిందే నిలబడి ఉంది. వణుకుతోంది. నన్ను చూసి ఇంకా వెనక్కి నక్కింది.

పిలిచాను, రాలేదు. బతిమాలాను, రాలేదు. చివరికి గొడుగు తిరగేసి, సంచిలోని గట్టి రొట్టె నలిపి అందులో పోసి, ఉప్పు చల్లి, దాని ముఖం ముందు పట్టుకుని వెనక్కి నడిచాను. వచ్చింది. కొండ వాలంతా అలాగే, నేను వెనక్కి, అది ముందుకి. రెండుసార్లు కూలబడ్డాను, రెండుసార్లూ అది ఓపిగ్గా ఆగింది. మోకాలి గురించి ఈరోజు రాయను.

సెవరిన్ పాక ముందు నిలబడి చూశాడు. దూడ కాళ్ళు నాలుగూ తడిమాడు. నన్ను చూశాడు. నా గొడుగులో ఇంకా రొట్టె పొడి ఉంది.

"ఉండలు వండనా?" అన్నాడు.

అంతే. నేను లోపలికి వెళ్ళి గట్టిగా ముక్కు చీదుకున్నాను.

సెప్టెంబర్ 13

కిరీటం గురించి మాట్లాడలేదు. జునిపర్ గురించి మాట్లాడలేదు. వాతావరణం గురించి చాలా మాట్లాడాం. అతని వేళ్ళకి బంక అంటుకుని ఉంది. నేను చూడనట్టు చూశాను, అతను దాచనట్టు దాచాడు.

సెప్టెంబర్ 20

రాత్రి నిద్రపట్టేలా లేదు. వరసగా రాయాలి.

మంద దిగే రోజు కదా, పొద్దున్నుంచీ ఊరంతా చర్చి ముందు మైదానంలో. బ్యాండువాళ్ళు, వేయించిన పిండి వంటల వాసన, వదిన కొత్త శాలువా. ఎర్హార్ట్ కూడా వచ్చాడు, కెమెరా మెళ్ళో వేసుకుని. "నల్లి సంగతేమిటి మేడమ్? పది రోజులే ఉన్నాయి" అన్నాడు. అతని మీసం కూడా నవ్వింది.

గంటలు వినిపించాయి. ముందు పెర్లె. తల మీద కిరీటం! మధ్యలో అద్దం, చుట్టూ కాగితం పూలు, వాటి చుట్టూ దట్టంగా ఆకుపచ్చ జునిపర్. ఒక్క పశువూ తగ్గలేదు. తెల్ల నుదురు మధ్యలో నడుస్తోంది, మెళ్ళో చిన్న దండ. ఊరు చప్పట్లు కొట్టింది. వదిన ఏడ్చింది. నేను ఏడవలేదు, దుమ్ము పడింది.

పెర్లె నా ముందు ఆగింది. నా వల కర్ర వాసన పట్టి ఉంటుంది. అప్పుడు చూశాను. అద్దం అంచు మీద, తీరిగ్గా, ఇటుకరంగు గీతలతో, ఊరేగింపుకి వచ్చిన పెద్దమనిషిలా నడుస్తోంది.

ఆ తర్వాత నేను చేసింది ఊళ్ళో ఇంకో వందేళ్ళు చెప్పుకుంటారు. గొడుగు విప్పి, తిరగేసి, పెర్లె గడ్డం కింద పెట్టాను. కర్ర ఎత్తాను. బ్యాండు ఆగిపోయింది. చర్చి ఫాదర్ నోరు తెరిచారు. కిరీటాన్ని కర్రతో కొట్టినవాళ్ళు ఈ లోయలో ఇంతవరకు లేరు.

"బుర్గా!" అని వదిన అరిచింది.

సెవరిన్ పెర్లె తాడు గట్టిగా పట్టుకున్నాడు. "కొట్టు. మంద దిగింది కదా, ఇంక ఫర్వాలేదు. అద్దం మాత్రం చూసుకో."

కొట్టాను. టపటపా పడ్డాయి. ఒకటి కాదు, గొడుగు నిండా! పిల్లలు కూడా ఉన్నాయి. అంటే అక్కడే పుట్టి పెరుగుతున్నాయి.

ఎర్హార్ట్ తొంగి చూశాడు. మీసం కిందికి వచ్చింది. అయినా ఊరుకుంటాడా? "బాగుంది మేడమ్. కానీ ఆవు పొద కాదు. ఈ రెమ్మలు పార్కులోవో బయటివో ఎవరికి తెలుసు?"

నేను సెవరిన్ వైపు తిరిగాను. "ఇప్పుడు అడగొచ్చా?"

"ఇప్పుడు అడుగు."

"ఎక్కడ కోశావు?"

అతను టోపీ తీశాడు, బస్సులో స్టాపు పేరు అరిచే గొంతుతో, మైదానమంతా వినేలా చెప్పాడు. "పాక వెనక. నా చొక్కాలు ఆరేసే పొద. వేసవంతా నువ్వు ముఖం తిప్పుకుని చుట్టు తిరిగి వెళ్ళిన పొద."

ముందు ట్రంపెట్టతను నవ్వాడు. తర్వాత బ్యాండంతా. తర్వాత ఊరంతా. ఫాదర్ దగ్గినట్టు నటించారు. నా చెవులు కాలిపోయాయి. ముప్పై ఏళ్ళు పొదలు కొట్టినదాన్ని, కొండ మీద ప్రతి జునిపర్‌ని కొట్టినదాన్ని, నేను రోజూ కూర్చుని తిన్న చోటికి పదడుగుల దూరంలో ఉన్న పొదని, ఒక జత లోబట్టలకి సిగ్గుపడి వదిలేశాను!

"ముందే చెప్పొచ్చు కదా" అన్నాను, పళ్ళు బిగించి.

"కిరీటం సంగతి చెప్పకూడదు కదా." తర్వాత గొంతు తగ్గించాడు. "చెప్పి ఉంటే నువ్వు మళ్ళీ పైకి వచ్చేదానివా?"

నువ్వు. చర్చి ముందు, లోయలో, ఊరందరి మధ్య. వదిన కనుబొమ్మలు శాలువా దాటి ఎక్కడికో వెళ్ళిపోయాయి. పక్కింటావిడ కుర్చీ ముందుకి జరుపుకుంది.

గభాలున గొడుగు మూసేశాను. నల్లులన్నీ లోపలే ఉన్నాయన్న సంగతి మరిచిపోయాను. మళ్ళీ తెరిస్తే అవన్నీ కలిసి కంపు కొట్టాయి. ఫాదర్ నిజంగానే దగ్గారు.

సెప్టెంబర్ 21

ఎర్హార్ట్‌ని వెంటబెట్టుకుని పైకి. పాక ఖాళీ, పొద మీద ఒక చొక్కా మరిచిపోయి ఉంది. నీలం గళ్ళు. మడిచి సంచిలో పెట్టాను. గొడుగు ఎర్హార్ట్ చేతికిచ్చాను, అది కదులుతూనే ఉంది. నేను కొట్టాను. పడ్డాయి.

ఎర్హార్ట్ చాలాసేపు చూశాడు. తర్వాత రాశాడు. తన చేత్తో, నా పేరుతో. "నువ్వు గెలిచావు బుర్గా" అన్నాడు. అడవి దాటి పైన ఉన్నాం కదా. మనిషి మరీ చెడ్డవాడు కాదు.

సెప్టెంబర్ 27

నివేదిక మూసేశారు. నల్లి ఉంది అందులో. వదిన కేకు చేసింది, పైన ఆకుపచ్చ క్రీముతో ఏదో వేసింది. కప్పలా ఉంది. తిన్నాం.

సెవరిన్ శీతాకాలానికి పాక మూయడానికి పైకి వెళ్ళాడట. ట్రాక్టరతను చెప్పాడు. నేనడగలేదు. వదిన అడిగింది, నాకు వినిపించేలా.

సెప్టెంబర్ 30

చలికి నల్లులన్నీ ఆకుల కింద దూరి పడుకుని ఉంటాయి. ఈ కాలంలో పైన వెతకడానికి ఏమీ ఉండదు. ఏ పుస్తకంలో చూసినా ఇదే ఉంటుంది.

చొక్కా ఉతికి ఇస్త్రీ చేశాను. పొద్దున్నే పైకి బయల్దేరాను. వల తీసుకెళ్ళలేదు.